ఉండీ కనబడని లోపం

ఒకటి కొంతసేపు కనబడి, కొంతసేపు కనబడకుండా పోయి, మళ్ళీ ఎప్పుడో చెప్పాపెట్టకుండా ఎదురైతే, కనబడని ఆ మధ్యకాలంలో అది ఉన్నట్టా, లేనట్టా అన్న ప్రశ్న భారతీయ తర్కశాస్త్రంలో చాలా పాతది. దేవుడి విషయంలో, ఆత్మ విషయంలో, పూర్వకర్మ విషయంలో ఈ ప్రశ్న తరతరాల వాదాలకు తావిచ్చింది. పక్షాలు ఎన్ని ఉన్నా, "కనబడలేదు కాబట్టి లేదు" అనే మాటకు ఎంత బలముందో తేల్చుకోకుండా ఏ పక్షమూ ముందుకు సాగలేకపోయింది. ఇదే ప్రశ్న నేడు పండిత సభలలో కంటే ఎక్కువగా, పాతబడిన వాహనాల కరెంటు లోపాలను వెతికే షెడ్లలో ఎదురవుతోంది. వేడెక్కినప్పుడు ఆగిపోయి, చల్లారగానే ఏమీ జరగనట్టు కదిలే కారును మెకానిక్కు దగ్గరికి తీసుకువెళితే అక్కడ అది చక్కగా నడుస్తుంది. అప్పుడు ఆ కారులో లోపం ఉన్నదనాలా, లేదనాలా? నైయాయికులు, అంటే న్యాయశాస్త్రాన్ని అనుసరించిన తార్కికులు, ఈ ప్రశ్నకు ఇచ్చిన సమాధానం మెకానిక్కు పనికి అక్షరాలా వర్తిస్తుందనీ, ఆ పనిని దగ్గరగా చూస్తే శాస్త్రంలో ఉదాహరణల చాటున మరుగుపడ్డ కొన్ని సంగతులు తేటపడతాయనీ చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

వాహనాల విద్యుత్తు లోపాలలో నిలకడగా ఉండేవి, ఆగి ఆగి వచ్చేవి అని రెండు రకాలు. ఫ్యూజు కాలిపోవడం, బల్బు మాడిపోవడం, తీగ పూర్తిగా తెగిపోవడం మొదటి రకం. అవి ఒకసారి వచ్చాక బాగుచేసేదాకా అలాగే ఉంటాయి కాబట్టి, బ్యాటరీ నుంచి బయలుదేరి ఒక్కొక్క మజిలీలో కరెంటు ఉందో లేదో చూసుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట దొరికిపోతాయి. రెండో రకాన్ని వాడుకలో "లూజ్ కాంటాక్ట్" అని ఒక్క మాటతో తేల్చేస్తారు గాని, ఆ మాట వెనుక చాలా సంగతులు ఉన్నాయి: పైతొడుగు బాగానే ఉండి లోపలి పోగులన్నీ తెగి ఒకటి రెండు మాత్రమే మిగిలిన తీగ, రెండు తీగల కట్టలను కలిపే ప్లాస్టిక్ కప్లర్‌లో పట్టు సడలిన పిన్ను, రాగి మీద పచ్చగా పట్టిన చిలుము, రిలే లోపల, కంటికి ఆనని గీతగా పగిలిన టంకం, ఇంజను తిరుగుడును లెక్కపెట్టే క్రాంక్ సెన్సరులో వేడికి విడిపోయి చల్లారాక మళ్ళీ కలుసుకునే సన్నని తీగచుట్ట. వీటన్నిటిలోనూ చెడినది పూర్తిగా చెడలేదు, బాగున్నది పూర్తిగా బాగాలేదు; వెతికేవాడు చేరేసరికి దారి మళ్ళీ కలిసే ఉంటుంది.

పాత స్పోర్ట్స్ కార్లకు, అంటే వేగం కోసం, మలుపులలో పట్టు కోసం బరువు తగ్గించి కట్టిన కార్లకు, ఈ బెడద ఎక్కువగా ఉండడానికి వాటి కట్టుబడిలోనే కారణాలు ఉన్నాయి. మామూలు కారులో బ్యాటరీ ఒక ధ్రువాన్ని ఇనుప బాడీకి బిగించి, దీపాలకూ మోటార్లకూ వెళ్ళిన కరెంటు ఆ బాడీ ద్వారానే తిరిగి వచ్చేట్టు చేస్తారు. "బాడీ ఎర్త్" అనేది దీనినే. 1953లో వచ్చిన షెవర్లే కార్వెట్‌కూ, 1962లో వచ్చిన లోటస్ ఎలాన్‌కూ ఫైబర్‌గ్లాస్ బాడీలు అమర్చారు. ఫైబర్‌గ్లాస్ కరెంటును పోనివ్వదు కాబట్టి, వెనుక దీపం దగ్గరి నుంచి ముందు హారన్ దాకా కరెంటు తిరిగివచ్చే దారిని కూడా విడి తీగలతో వేసి ఛాసిస్‌కు బిగించవలసి వచ్చింది, ఆ మేరకు జోడింపులు పెరిగాయి. 1962 నుంచి 1980 దాకా తయారైన ఎంజీబీలో 1967 వరకు ధనధ్రువాన్ని బాడీకి కలిపేవారు, ఆ తర్వాత ఋణధ్రువాన్ని కలిపారు. ఇవి తెలియక దశాబ్దాల తరబడి ఒక్కొక్క యజమానీ వేయించిన హారన్లు, పాటల పెట్టెలు, అలారాల తీగలు ఏ వైరింగు పటంలోనూ కనబడవు. కారు వయసు పెరిగినకొద్దీ దాని కరెంటు దారుల గురించి పటం చెప్పేదీ, లోపల నిజంగా ఉన్నదీ దూరమవుతూ పోతాయి.

వరంగల్–ఖమ్మం రహదారి మీద ఉన్న మరిపెడలో లోటస్ ఎలాన్ కనబడకపోవచ్చు గాని, అక్కడి షెడ్లకు వచ్చే ట్రాక్టర్లు, ఆటోలు, మిర్చి బస్తాలను ఖమ్మం మార్కెట్‌కో, వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కో చేర్చే చిన్న ట్రక్కులు సరిగ్గా ఇదే సమస్యను తెస్తాయి. 2016 అక్టోబరులో మహబూబాబాద్ జిల్లా ఏర్పడేదాకా వరంగల్ జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం, వాహనాల జోడింపులకు కఠిన పరీక్ష పెట్టే నేల: ఎండాకాలంలో మండే వేడి, పొలాల డొంకదారులలో ఎడతెగని కుదుపు, వానాకాలంలో వాగు దాటే నీళ్ళు, పని లేని నెలలలో షెడ్డులో నిలబెట్టిన బండి తీగలను కొరికే ఎలుకలు. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో కురిసిన కుండపోతకు ఆకేరు వాగు పొంగి ఈ ప్రాంతాన్ని ముంచెత్తింది. అలాంటి ముంపులో నీళ్ళు చేరిన బండిని ఆరబెట్టి నడిపితే ముందు నడుస్తుంది. కప్లర్ లోపల మిగిలిన తడి నెమ్మదిగా రాగిని తిని చిలుముగా మార్చాక, కొన్ని నెలలు గడిచి, వరదకూ దానికీ సంబంధం ఉందన్న ఆలోచన కూడా ఎవరికీ రాని వేళ హారన్ ఆగి ఆగి మోగడం మొదలవుతుంది. కారణానికీ కార్యానికీ నడుమ ఇంత ఎడం ఉండడం వల్లనే ఇలాంటి చోట సామాన్య వివేకం తడబడుతుంది.

ఒక్క జోడింపును దగ్గరగా చూస్తే సంగతి తేటపడుతుంది. ఇంజనును బాడీతో కలిపే అల్లిక రాగి పట్టీ ఒకటి ఉంటుంది. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి, ఈ పట్టీ లేకపోతే స్టార్టర్ మోటారుకు, వాడుకలో "సెల్ఫ్"కు, తిరుగుదారి ఉండదు. సెల్ఫ్ కొట్టిన క్షణంలో ఈ పట్టీ గుండా సుమారు 150 ఆంపియర్ల కరెంటు పోతుంది. పట్టీని బిగించిన బోల్టు కింద తుప్పు చేరి, అక్కడ ఒక ఓమ్‌లో యాభయ్యో వంతు, అంటే 0.02 ఓమ్ నిరోధం ఏర్పడిందనుకుంటే, ఆ ఒక్కచోటే 3 వోల్టులు హరించుకుపోతాయి, సెల్ఫ్ మూలిగి ఆగిపోతుంది. ఇప్పుడు బండి నిలిచి ఉండగా మీటరును నిరోధం కొలిచే మెట్టులో పెట్టి అక్కడ ఆనిస్తే అది ఏ లోపమూ చూపదు, ఎందుకంటే మామూలు మీటరు సొంత తీగల నిరోధమే అంతకు పది రెట్లు ఉండవచ్చు. మీటరును వోల్టుల మెట్టుకు మార్చి, ఒక ముల్లును బ్యాటరీ ఋణధ్రువం మీద, రెండో ముల్లును ఇంజను లోహభాగం మీద ఉంచితే ఊరికే ఉన్నప్పుడు అక్కడా సున్నాయే. పక్కనున్నవారు సెల్ఫ్ కొట్టినప్పుడు మాత్రమే ఆ సున్నా 3 అవుతుంది. ఒకే చోటు, ఒకే మీటరు, ఒకే తుప్పు. భారం పడ్డ క్షణంలో మాత్రమే లోపం తనను తాను తెలియజేసింది.

ఈ సంగతిని అర్థం చేసుకోవడానికి కావలసిన పరికరాలను తెలుగు నేల మీదే పుట్టిన ఒక తార్కికుడు పొందుపరిచి పెట్టాడు. 17వ శతాబ్దికి చెందిన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం, దానికి ఆయనే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్య, తర్కం మొదలుపెట్టే విద్యార్థికి నేటికీ తొలి పాఠాలు. అందులో కారణాలను మూడు విధాలుగా చెప్పారు: కార్యం దేనిలో నిలిచి పుడుతుందో అది సమవాయి కారణం, గుడ్డకు దారాల వంటిది, ఆ సమవాయి కారణంలో ఉంటూ కార్యాన్ని పుట్టించేది అసమవాయి కారణం, గుడ్డ విషయంలో దారాల పరస్పర సంయోగం వంటిది, ఈ రెండూ కాక తోడ్పడేది నిమిత్త కారణం, మగ్గం వంటిది. దారాలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నా వాటి సంయోగం విడిపోతే గుడ్డ ఉండదు. వాహనంలోని కరెంటు వలయాన్ని ఒక అవయవిగా, అంటే అవయవాలతో ఏర్పడిన ఒక మొత్తంగా భావిస్తే, బ్యాటరీ, తీగ, స్విచ్చు, బల్బు దాని సమవాయి కారణాలు, వాటి కలయికలు అసమవాయి కారణాలు. ఆగి ఆగి వచ్చే లోపాలలో అధికభాగం ఈ రెండో చోటే ఉంటుంది. అనుభవం లేని చేతులు ఇక్కడే దారి తప్పుతాయి. బ్యాటరీ మార్చి, సెల్ఫ్ మార్చి, రిలే మార్చి, వస్తువుల వెంట పడతాయి గాని వస్తువుల నడుమ ఉన్న సంయోగాన్ని చూడవు. సంయోగానికి దుకాణంలో ధర ఉండదు కాబట్టి అది బిల్లులోకి ఎక్కదు, బిల్లులోకి ఎక్కనిది ఆలోచనలోకి కూడా తొందరగా ఎక్కదు.

సంయోగం గురించి నైయాయికులు చెప్పిన మరో సంగతి ఇంకా లోతైనది. వారి లెక్కలో సంయోగం ఒక గుణం, అదీ అవ్యాప్యవృత్తి గుణం, అంటే తన ఆశ్రయాన్ని పూర్తిగా ఆక్రమించకుండా దానిలో ఒక భాగంలో ఉండి మరో భాగంలో లేకుండా ఉండగలిగేది. చెట్టు కొమ్మ మీద కోతి కూర్చున్నప్పుడు, కొమ్మ మేర చెట్టుకు కోతితో సంయోగం ఉంది, మొదలు మేర లేదు. ఒకే చెట్టులో ఒకే సమయంలో సంయోగమూ దాని అభావమూ రెండూ ఉన్నాయనడంలో విరోధం లేదని వారు వాదించారు. రెండు లోహపు ముఖాలు తాకినప్పుడు జరిగేది దీనికి భౌతిక రూపం. విద్యుత్ సంస్పర్శలను జీవితమంతా పరిశోధించిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు రాగ్నర్ హోమ్ చూపినట్టు, కంటికి నునుపుగా కనబడే లోహతలాలు నిజానికి మిట్టపల్లాలతో నిండి ఉంటాయి, అవి ఒకదానినొకటి తాకేది కొన్ని సూక్ష్మమైన మిట్టల దగ్గర మాత్రమే, కరెంటంతా ఆ కొన్ని బిందువులలో నుంచే దూరి పోతుంది. కప్లర్ "బిగిసి ఉంది" అని చేతికి తెలిసేది ప్లాస్టిక్ సంయోగం. లోపలి లోహానికి ఎన్ని బిందువులలో సంయోగం మిగిలిందో చేతికి తెలియదు. కుదుపుకు ఒక బిందువు పోయి మరొకటి తాకుతుంది, వేడికి పిన్ను వ్యాకోచించి కొన్ని విడిపోతాయి, తడికి చిలుము పెరిగి కొన్ని మూతబడతాయి. జోడింపు ఉన్నదీ నిజమే, లేనిదీ నిజమే, ఏ మేర, ఎప్పుడు అన్నదే ప్రశ్న.

ఎప్పుడు అన్న ప్రశ్నకు న్యాయశాస్త్రం సామగ్రి అనే భావనతో జవాబిస్తుంది. సామగ్రి అంటే కార్యానికి కావలసిన కారణాలన్నీ ఒకచోట కూడడం. అన్నీ కూడితే కార్యం తప్పక పుడుతుంది, ఒక్కటి కొరవడినా పుట్టదు. ఆగి ఆగి వచ్చే లోపంలో తుప్పు ఎప్పుడూ ఉంది గాని, అది బండిని ఆపేసే సామగ్రి, అంటే తుప్పుతో పాటు వేడి, కుదుపు, కరెంటు భారం, అప్పుడప్పుడు మాత్రమే పూర్తవుతోంది. కాబట్టి లోపం వచ్చి పోతోందనడం కంటే, నిలిచి ఉన్న కారణానికి తోడు కారణాలు వచ్చి పోతున్నాయనడం సరైనది. తోడు కారణాన్ని గుర్తించకపోతే వ్యాప్తి తప్పుతుంది. వ్యాప్తి అంటే ఒకటి ఉన్నచోటల్లా మరొకటి తప్పక ఉండడం, అనుమానానికి, అంటే తెలిసినదాని నుంచి తెలియనిదాన్ని నిర్ణయించే తర్కానికి, ప్రాణం అదే. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, ఇది చెల్లుతుంది. నిప్పు ఉన్నచోట పొగ ఉంటుంది అంటే చెల్లదు, ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. నిప్పు నుంచి పొగ రావాలంటే తడి కట్టె కూడా ఉండాలి. ఈ తడి కట్టె కలయికను తార్కికులు ఉపాధి అన్నారు, అంటే చూపిన హేతువులో కనబడకుండా ఫలితాన్ని నిర్ణయించే షరతు. "హెడ్‌లైటు వేస్తే హారన్ ఆగిపోతోంది" అని యజమాని చెప్పినప్పుడు, షెడ్డులో హెడ్‌లైటు వేసి హారన్ కొడితే మోగుతుంది, మాట అబద్ధమైనట్టు కనబడుతుంది. రాత్రి మంచుకు కప్లర్‌లో చేరిన తడి ఇక్కడ ఉపాధి, పగటి ఎండలో అది ఉండదు. శాస్త్రం ఉదాహరణ, షెడ్డు ఉదాహరణ రెండింటిలోనూ దాగిన షరతు తడే కావడం యాదృచ్ఛికమే అయినా, ఈ రెండింటి ఆలోచనా క్రమం ఒకటే.

ఉపాధిని పట్టుకోవడానికి ఉన్న మార్గం అన్వయ వ్యతిరేకాలు: ఇది ఉంటే అది ఉండడం అన్వయం, ఇది లేకపోతే అది లేకపోవడం వ్యతిరేకం. మంచి మెకానిక్కు ఇంజను నడుస్తుండగా వైరింగు కట్టను ఒక్కొక్క జానెడు చొప్పున కదిపి చూస్తాడు, అనుమానమున్న సెన్సరు ఒక్కదానికే వేడి గాలి తగిలిస్తాడు, ఒక్క కప్లర్ మీదనే నీళ్ళు చిలకరిస్తాడు. లోపం వస్తే అదే చోట మళ్ళీ చేసి మళ్ళీ వస్తుందో లేదో, ఆపితే ఆగుతుందో లేదో చూస్తాడు. ఈ క్రమంలో "ఒక్కటే" అన్నదే కీలకం. రెండు మూడు మార్పులు ఒకేసారి చేసినవాడికి బండి బాగుపడవచ్చు గాని జ్ఞానం కలగదు.

బాగుపడడంలో ఇంకా పెద్ద చిక్కు ఉంది. ఆగి ఆగి వచ్చే లోపం ఎలాగూ తనంతట తాను ఆగుతుంది కాబట్టి, దానికి చేసిన ప్రతి చికిత్సా కొన్నాళ్ళు ఫలించినట్టే కనబడుతుంది. రిలే మార్చిన మర్నాటి నుంచి వారం రోజులు బండి ఆగకపోతే గౌరవం రిలేకు దక్కుతుంది, ఎనిమిదో రోజు ఆగితే కొత్త రిలే నాసిరకమనుకుంటారు తప్ప పాత రిలేలో అసలు తప్పు లేదన్న ఆలోచన రాదు. కుండ పుట్టుకకు ముందు మట్టి మోసిన గాడిద కూడా ఉంది. అయినా కుండకు గాడిదను కారణమనరు, ఆ మట్టి మరో విధంగా వచ్చినా కుండ పుట్టేది. ఇలా కార్యానికి ముందు ఉండి కూడా కారణం కానిదాన్ని అన్యథాసిద్ధం అంటారు. పాత బండి మీద మార్చిన సామాన్లలో ఎన్ని ఈ గాడిద కోవలోకి వస్తాయో లెక్కపెడితే యజమానుల ఖర్చులో ఎంత భాగం అజ్ఞానానికి పోతోందో తెలుస్తుంది. కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకేసారి జరిగితే ఒకదానికొకటి కారణమనుకునే కాకతాళీయ భ్రమకు, వచ్చి పోయే లోపం కంటే అనువైన చోటు మరొకటి లేదు.

ఇక్కడ మతపరమైన ప్రశ్న ఒకటి తప్పనిసరిగా ఎదురవుతుంది. వచ్చి పోయే రోగానికి కట్టిన తాయెత్తు, వచ్చి పోయే కష్టానికి మొక్కిన మొక్కు కూడా ఇదే విధంగా ఫలించినట్టు కనబడతాయి కదా, అప్పుడు మొక్కు కూడా అన్యథాసిద్ధమేనా? మరిపెడకు దూరం కాని కురవిలో వీరభద్రస్వామిని నమ్ముకున్నవారు ఆ పరిసరాలలో ఎందరో ఉన్నారు. కొత్త బండికి పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి రోడ్డెక్కించడం తెలుగునాట అంతటా ఉన్న ఆచారం. ఆ పూజను తుప్పు వదిలించే ఉపాయంగా ఎవరైనా చూపితే దానిని అన్వయ వ్యతిరేకాలతో పరీక్షించాలి, ఆ పరీక్షలో అది నిలవదు. అయితే పూజ చేయించేవారిలో అధికులు దానిని అలా చూపరు. తమ చేతిలో లేని సంగతులు ఎన్నో ఉన్నాయని ఒప్పుకుని, ఆ బండి మీద ఆధారపడిన బతుకును దైవం ముందు ఉంచడమే వారు చేసే పని. అది కరెంటు వలయపు సామగ్రిలో చేరదు, చేరాలని కోరదు. పూజ చేసిన బండి ఎర్త్ పట్టీని కూడా బిగించి చూసుకునేవాడి భక్తికి ఏ లోటూ లేదు. ఈ రెండింటినీ కలగలిపి, పట్టీ బిగించనక్కర లేదనేవారు గాని, పట్టీ బిగించారు కాబట్టి పూజ వ్యర్థమనేవారు గాని కారణానికి శాస్త్రం గీసిన హద్దును చెరిపేస్తున్నారు.

ఇక ప్రధాన ప్రశ్న. నైయాయికులు లేకపోవడాన్ని, అంటే అభావాన్ని, ఒక పదార్థంగా, అంటే ఒక విడి వర్గంగా, అంగీకరించి దానిని నాలుగు విధాలుగా విభజించారు: పుట్టకముందటి లేమి ప్రాగభావం, నశించాక కలిగే లేమి ప్రధ్వంసాభావం, ఎన్నడూ లేకపోవడం అత్యంతాభావం, ఒకటి మరొకటి కాకపోవడం అన్యోన్యాభావం. నేల మీద ఉన్న కుండను తీసేసి మళ్ళీ తెచ్చి పెడితే, మధ్యలో ఉన్న లేమి వీటిలో దేనికి చెందుతుందన్నది వారిని చాలాకాలం వేధించింది. కొందరు దానికోసం సామయికాభావం, అంటే కొంతకాలం మాత్రమే ఉండే లేమి, అనే విభాగాన్ని కూడా ప్రతిపాదించారు. షెడ్డులో బండి బాగా నడిచినప్పుడు మెకానిక్కు ముందున్నది ఈ ప్రశ్నే. అతని ఎదుట ఉన్నది ప్రధ్వంసాభావమైతే లోపం నశించింది, ఇంటికి పంపవచ్చు. సామయికాభావమైతే బండి రాత్రి నడిరోడ్డున ఆగుతుంది. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి.

తేడా తెలుసుకోవడానికి శాస్త్రం చెప్పిన నియమం యోగ్యానుపలబ్ధి. అనుపలబ్ధి అంటే కనబడకపోవడం. అది లేమికి రుజువు కావాలంటే యోగ్యమైనది కావాలి, అంటే ఆ వస్తువు అక్కడ ఉండి ఉంటే తప్పక కనబడేదే అని చెప్పగలగాలి. దీపికలో అన్నంభట్టు దీనిని ఇలా వివరిస్తాడు: ఇక్కడ కుండ ఉంటే నేల కనబడినట్టే అదీ కనబడేది, కనబడలేదు, కాబట్టి లేదు. చీకటిలో కుండ కనబడకపోవడం ఏమీ రుజువు చేయదు, అక్కడ కుండ ఉన్నా కనబడేది కాదు. భాట్ట మీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధిని విడి ప్రమాణంగా, అంటే జ్ఞానానికి విడి ఆధారంగా లెక్కించారు, నైయాయికులు దానిని ప్రత్యక్షానికి తోడుగానే పెట్టారు. ఆ వివాదం ఎలా ఉన్నా యోగ్యత కావాలన్న విషయంలో భేదం లేదు. చల్లని ఇంజనుతో, నిలబెట్టిన బండిలో, భారం పడని తీగను పరీక్షించి "లోపం లేదు" అన్న మెకానిక్కు చీకటిలో కుండను వెతికినవాడే అవుతాడు. ఒక్క పోగు మిగిలిన తీగ గుండా మీటరు పంపే అతి స్వల్పమైన కరెంటు సునాయాసంగా పోయి, దారి బాగుందని కూత పెడుతుంది. అదే తీగ చివర 21 వాట్ల బల్బును తగిలిస్తే దాదాపు రెండు ఆంపియర్లు పోవలసి వచ్చి, బల్బు గుడ్డిగా వెలిగి నిజం బయటపడుతుంది. పల్లెటూరి షెడ్లలో పాత బల్బుకు రెండు తీగలు అతికించి చేసుకునే టెస్ట్ ల్యాంప్ ఈ పనిలో ఖరీదైన మీటరు కంటే యోగ్యమైనది. కొత్త కార్లలో లోపాలను నమోదు చేసే కంప్యూటరుకూ ఇదే పరిమితి ఉంది. నిర్ణీత వ్యవధికి తక్కువగా వచ్చిపోయిన అంతరాయాన్ని అది లోపంగా రాసుకోకపోవచ్చు, అందువల్ల ఆ నమోదును చదివే స్కానర్ ఖాళీగా ఉందన్నంత మాత్రాన బండి నిర్దోషి కాదు.

10వ శతాబ్దిలో మిథిలకు చెందిన ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో ఈ నియమాన్నే, కంటికి కనబడినదే నమ్మే చార్వాకుల మీద ప్రయోగించాడు. కనబడకపోవడమే లేకపోవడానికి రుజువైతే, ఇల్లు దాటి వచ్చిన చార్వాకుడు తన భార్యాబిడ్డలు కనబడడం లేదు కాబట్టి వారు లేరని ఏడవాలి గదా అన్నది ఆయన వాదం. ఈశ్వరుడు కంటికి కనబడే యోగ్యత ఉన్నవాడు కాడు కాబట్టి, కనబడలేదన్న మాటతో ఆయనను కాదనలేరని ఉదయనుడి నిర్ణయం. ఇది ఈశ్వరుడు ఉన్నాడని నిరూపించదు. దానికి ఆయన వేరే అనుమానాలను విడిగా చూపవలసి వచ్చింది, వాటిని ఒప్పుకోని బౌద్ధులు, మీమాంసకులు ఉన్నారు. యోగ్యానుపలబ్ధి విలువ అది ఏ పక్షానికీ కొమ్ము కాయకపోవడంలోనే ఉంది: లేదనే తొందరను ఆపుతుంది, ఉందనే తొందరకు ఊతమివ్వదు. ఇప్పటి జనగామ జిల్లాలోని బమ్మెరకు చెందిన పోతన భాగవతంలో, మొసలి నోట చిక్కిన గజేంద్రుడు తనను రక్షించవలసినవాడు అసలు ఉన్నాడా అని శంకించే ఘట్టం తెలుగువారందరికీ తెలుసు. ఆ సందేహం భక్తికి కళంకం కాదు. పిలుపుకు జవాబు రాకపోయినా ఆ గజరాజు రక్షకుడు లేడని తీర్పు చెప్పలేదు, ఉన్నాడని తనను తాను మభ్యపెట్టుకోలేదు. తెలియనిదాన్ని తెలియనిదిగానే పలికి, పిలవడం మాత్రం ఆపలేదు. తార్కికులు సంశయం అన్న స్థితికి, అంటే ఒకే వస్తువు విషయంలో పరస్పర విరుద్ధమైన రెండు పక్షాల మధ్య మనసు నిలిచే స్థితికి, ఇంత నిజాయితీ గల చిత్రణ తెలుగులో మరొకటి లేదు.

వచ్చి పోయే జ్వరం ఈ విషయానికి యంత్రాల కంటే ముందరి సాక్ష్యం. రోజు విడిచి రోజు, లేదా రెండు రోజులు విడిచి వచ్చే చలిజ్వరాన్ని ఆయుర్వేదం విషమజ్వరమంది. జ్వరం లేని రోజున దోషం పోలేదనీ, నేలలో విత్తనం పడి ఉండి కాలం రాగానే మొలిచినట్టు, దోషం ధాతువులలో అణగి ఉండి సమయం రాగానే ప్రకోపిస్తుందనీ చరకసంహిత చెప్పింది. అణగి ఉన్నది ఏమిటో కంటికి చూపినవారిలో రోనాల్డ్ రాస్ ఒకరు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో ఆయన దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి రూపాన్ని సూక్ష్మదర్శినిలో చూశాడు. జ్వరం లేని రోజున నాడి పట్టి చూసి ఆరోగ్యవంతుడని పంపినవారి అనుపలబ్ధి యోగ్యమైనది కాదు, కారణం ఎర్రరక్తకణాలలో పెరుగుతూనే ఉంది. చరకుడి మాటకూ రాస్ చూపుకూ మధ్య ఉన్న తేడా పెద్దదే, మొదటిది ఊహ, రెండోది ప్రత్యక్షం. కానీ లక్షణం లేని విరామాన్ని లోపం లేని విరామంగా తీసుకోకూడదన్న వివేకం మొదటిదానిలో అప్పటికే పూర్తిగా ఉంది.

ఇంతవరకు వచ్చాక శబ్దప్రమాణం గురించి చెప్పక తప్పదు, మొత్తం ప్రశ్నలో మనిషికి సంబంధించిన భాగం అదే. ఆప్తుడి వాక్యం, అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడి మాట, జ్ఞానానికి ఆధారమని న్యాయం అంగీకరిస్తుంది. ఆగి ఆగి వచ్చే లోపాన్ని చూసినవాడు బండి నడిపినవాడు ఒక్కడే. మెకానిక్కు చూడలేదు, పరికరం చూడలేదు. "తెచ్చినప్పుడు మాత్రం బాగానే నడుస్తోంది సార్, నిన్న రాత్రి మూడుసార్లు ఆగింది" అని డ్రైవరు చెప్పుకుంటాడు. వినేవాడు ఆ మాటను పక్కన పెట్టి తన మీటరునే నమ్మితే ఒక ప్రమాణాన్ని వదిలేసి అయోగ్యమైన అనుపలబ్ధిని పట్టుకున్నట్టవుతుంది. ఆ డ్రైవరును అడగవలసిన ప్రశ్నలు ఉన్నాయి: ఎంతసేపు నడిచాక ఆగింది, వాన పడిందా, ఏ దీపాలు వెలుగుతున్నాయి, గుంతలో పడ్డాక ఆగిందా, ఆగినప్పుడు డ్యాష్‌బోర్డు దీపాలు కూడా ఆరిపోయాయా, మళ్ళీ ఎంతసేపటికి అందుకుంది. చివరి రెండు ప్రశ్నలకు జవాబు సరిగా దొరికితే వెతకవలసిన చోటు సగానికి సగం తగ్గుతుంది. దీపాలన్నీ ఒక్కసారిగా ఆరితే బ్యాటరీ, ప్రధాన ఎర్త్, తాళం స్విచ్చు వైపు, దీపాలు వెలుగుతూ ఇంజను మాత్రమే ఆగి అరగంట చల్లారాక అందుకుంటే వేడికి విడిపోయే సెన్సరు వైపు దృష్టి పోవాలి. బ్రేకు తొక్కితే పక్కనున్న ఇండికేటరు మసకగా వెలుగుతోందని అతను ఆశ్చర్యపోతూ చెబితే, అది భ్రమ కాదు. వెనుక దీపానికి ఎర్త్ తెగి, కరెంటు పక్క బల్బు గుండా దొంగదారిన తిరిగి వస్తోందనడానికి అంతకంటే మంచి గుర్తు లేదు. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు తగ్గిపోయే తలనొప్పిని, పరీక్షలన్నీ బాగానే ఉన్నాయని వచ్చాక కూడా రాత్రిళ్ళు ఆడని ఊపిరిని మోస్తున్నవారిది ఇదే బాధ. వారికి బాధ ఒకటి, ఆ బాధ ఉందని నమ్మించలేకపోవడం మరొకటి. రెండోది పూర్తిగా వినేవారి తర్కదోషం వల్ల పుట్టినది.

అయితే ఎంత వెతికినా దొరకని సందర్భాలు ఉంటాయి, అప్పుడు ఏమని రాయాలన్నది కూడా తాత్త్విక ప్రశ్నే. టొయోటా కార్లు వాటంతట అవే వేగం పుంజుకుంటున్నాయన్న ఫిర్యాదులను పరిశీలించి 2011లో నాసా ఇంజనీర్లు ఇచ్చిన నివేదిక దీనికి మంచి నమూనా. కొన్ని ఆక్సిలరేటర్ పెడల్ సెన్సర్లలో, తగరపు పూత నుంచి వెంట్రుక కంటే సన్నగా మొలిచే తగరపు పోగులను వారు కనుగొన్నారు. అవి రెండు కొసల మధ్య వంతెన కట్టి కరెంటును కలపగలవు, కొంచెం ఎక్కువ కరెంటు పోతే కరిగి మాయం కాగలవు. అయినా ఫిర్యాదులలో చెప్పిన వేగానికి ఎలక్ట్రానిక్ వ్యవస్థే కారణమనే రుజువు తమకు దొరకలేదని వారు రాశారు, వెంటనే, రుజువు దొరకలేదంటే అలా జరగడం అసాధ్యమని అర్థం కాదని కూడా చేర్చారు. ఉదయనుడు చదివి ఉంటే ఆ రెండో వాక్యాన్ని మెచ్చుకునేవాడు. ఊరి షెడ్డులో రాసే చీటీ కూడా ఈ మర్యాద పాటించాలి. "లోపం లేదు" అని రాయడానికి, లోపం పుట్టించిన పరిస్థితులన్నిటినీ తిరిగి కల్పించి చూసి ఉండాలి: అదే వేడి, అదే కుదుపు, అదే తడి, అదే భారం. లేదా విప్పిన పట్టీని కోసి, లోపల నల్లబడిన పోగులను యజమాని చేతిలో పెట్టి, కొత్తది వేశాక అదే చోట అదే సెల్ఫ్ కొట్టినప్పుడు మీటరు ముల్లు సున్నాను దాటి ఎంత కదిలిందో చూపించి ఉండాలి. అది ప్రధ్వంసాభావం, దానిని కళ్ళతో చూడవచ్చు. ఈ రెండూ కానప్పుడు చీటీ మీద "లోపం కనబడలేదు" అని రాసి, ఏయే పరిస్థితులలో, ఎంతసేపు వెతికారో దాని కిందనే వివరంగా రాసి, మళ్ళీ ఆగితే అప్పుడు ఏమేమి గమనించాలో డ్రైవరుకు చెప్పి పంపాలి.